కంచె బయటి భాష

"మీకు ఏయే భాషలు వచ్చు?" అని అడిగాడు ప్రయోగశాలలో కంప్యూటర్‌లో వివరాలు నింపుతున్న ఫణీంద్ర.

రజిత వేళ్లు మడిచింది. "తెలుగు, హిందీ. ఇంగ్లిష్ జెర జెర."

"ఉర్దూ?"

"మాకు హిందీ, ఉర్దూ ఒక్కటే సార్. కలిపే మాట్లాడ్తం."

"సరే, ఒకటే కింద వేస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే భాష ఇంకేదైనా ఉందా? లంబాడీ, గోండి, మరాఠీ, కన్నడం... నిదానంగా ఆలోచించి చెప్పండి. ఇప్పుడు చెప్పకపోతే తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

రజిత నిజంగానే ఆలోచించింది. వాళ్ల నాయనమ్మది జహీరాబాద్ దిక్కు. ఆమెకు కన్నడం వచ్చునంటారు గానీ రజిత పుట్టకముందే పోయింది. "ఇగ ఏం లెవ్వు సార్," అంది.

ఆ మాట అంటుండగానే ఆమె కుడిచెయ్యి గాల్లో కదిలింది. ఆ గదికి ఒక గోడ అద్దానిది. అవతల వరండాలో కుర్చీ అంచున కూర్చున్న అన్న శ్రీశైలం ఆ చేతిని చూసి నవ్వి, తన రెండు చేతులతో జవాబిచ్చాడు. ఇంకెంతసేపని అతను అడిగితే, ఈయన ఓటరు కార్డు రాసేటాయన లెక్క అన్నీ అడుగుతున్నడు, కూసో అని ఈమె చెప్పింది. అట్లయితే నీ కాబోయే మొగుని పేరు గూడ రాసుకొమ్మను, నాకు ఎతుకుడు తప్పుతది అన్నాడతను. ఈమె నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇదంతా ఫణీంద్ర కళ్లముందే జరిగింది. అతను చూశాడు కూడా. ఆ వచ్చినతను మూగవాడు కాబోలు పాపం అనుకుని, మూడు భాషలని నొక్కి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.

ఇందులో ఎవరిని తిట్టాలో నాకిప్పటికీ తెలియదు. చిన్నప్పటి నుంచీ తను చేస్తున్న పనిని భాష అంటారని ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు. భాషల మీద కోట్లు పోసిన ప్రయోగశాలకు మనిషి నోటివైపు తప్ప చేతులవైపు చూడాలని తోచలేదు.

ఆ ప్రయోగశాల పేరు అంకురం. అమీర్‌పేటలో, ఒకప్పుడు ఊరూరి నుంచీ వచ్చిన పిల్లలు జావా నేర్చుకున్న భవనంలో నాలుగో అంతస్తు. మెట్ల గోడల మీద పాత కోచింగ్ పోస్టర్ల జిగురు మరకలు ఇంకా పోలేదు. కాలం మాత్రం మారింది. ఇప్పుడు ప్రోగ్రాములు యంత్రాలే రాసుకుంటున్నాయి, కోరల్ అనే తమ సొంత ప్రోగ్రామింగ్ భాషలో. అవి రాసినదాంట్లో తప్పు దొర్లితే పట్టుకోవడానికి మనుషులు కావాలి. పుస్తకం ముందేసుకుని కోరల్ నేర్చుకున్నవాడు ఒక పేజీ కూడబలుక్కునేలోపు యంత్రం కొండంత రాసి పారేస్తుంది. ఎవరైనా తెలుగు తప్పుగా మాట్లాడితే మన చెవికి ఆలోచించకుండానే గుచ్చుకుంటుంది కదా, కోరల్‌లో తప్పు అలా కంటికి గుచ్చుకునే మనుషులు కావాలి కంపెనీలకు. అలాంటివాళ్లకే ఉద్యోగాలు.

అలాంటివాళ్లను తయారు చేసే దారి కనిపెట్టింది డాక్టర్ హైమవతి. పసిపిల్ల మెదడు భాషల కోసం చాలా నేల దున్నిపెట్టుకుంటుంది. ఎన్ని భాషలు చెవిన పడితే అన్నీ అందులో మొలుస్తాయి. పెద్దయ్యేసరికి మిగిలిన నేల గట్టిపడిపోతుంది. హైమవతి చేసిందల్లా ఆ గట్టి నేలను మళ్లీ గుల్ల చేసి, అందులో కోరల్ నాటడం. వచ్చిన భాషలు పాడైపోకుండా ముందు వాటికి కంచె కట్టాలి. అందుకని నెత్తిన టోపీలాంటి యంత్రం పెట్టి, తెలిసిన భాషలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడిస్తారు. మాట్లాడుతున్నప్పుడు మెదడులో వెలిగిన చోటల్లా కంచె లోపలికి వస్తుంది. బయట మిగిలింది కోరల్‌కు. పట్టా చూపించని భూమిని రెవెన్యూ వాళ్లు బంజరని రాసేసుకున్నట్టు.

రజిత తెలుగులో తన కథ చెప్పింది, హిందీలో కూరగాయల బేరం ఆడింది, ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూలకు బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పింది. ఆ సేపంతా చేతులు కదపకూడదు, బొమ్మ చెదిరిపోతుందని చెప్పి ఆమె చేతులను కుర్చీకి పట్టీలతో కట్టేశారు.

తెర మీద బొమ్మ చూసి హైమవతి కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇంత నేల ఖాళీగా ఉన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు ఫణీ. ఎంత మెత్తగా ఉందో చూడు, నిన్నగాక మొన్న దున్నినట్టు," అని, రజిత భుజం తట్టింది. "నీకు చాలా త్వరగా వచ్చేస్తుందమ్మా."

తన బుర్రను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. రజితకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

*

రజిత తల్లి బాలమణిది ఇస్త్రీ డబ్బా. మియాపూర్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు గేటు పక్కన రేకుల షెడ్డు. తండ్రి జ్వరమొచ్చి పోయాక ఆమే నిలబెట్టుకొచ్చింది. బాలమణి ఫ్లాటు ఫ్లాటుకూ తిరిగి బట్టలు తెస్తుంది, శ్రీశైలం బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేస్తాడు. ఏ చీరకు గంజి ఎక్కువ కావాలి, ఎవరి ప్యాంటుకు మడత వద్దు, ఎవరిది అర్జెంటు అనేవన్నీ రజిత చేతుల మీదుగా శ్రీశైలానికి చేరతాయి.

శ్రీశైలానికి పుట్టుకతోనే చెవులు వినపడవు. చెవిటి పిల్లల బడి హాస్టల్లో వేస్తే అన్నం ముట్టకుండా ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు. బాలమణి అదే వారం వెనక్కి తెచ్చుకుంది, మళ్లీ పంపలేదు. అందువల్ల ఆ బళ్లో నేర్పే సైగలూ రాలేదు, అక్షరాలూ రాలేదు. అప్పటికి రజిత పాకుతోంది. బట్టల మూటల మధ్య ఆడుకుంటూ ఆ ఇద్దరే ఒక భాష కట్టుకున్నారు. నాలుగో అంతస్తు లాయరుగారంటే గడ్డం కింద వేలాడే చర్మం. బట్టలు తిరగేసి మరకలు వెతికే టీచరమ్మంటే ముక్కు దగ్గర రెండు వేళ్లు. ఇవి పేర్లు. పేర్లతో ఆగితే నేను దాన్ని భాష అనేవాణ్ని కాను. వాళ్లిద్దరూ అందులో పోట్లాడుకునేవారు, అలిగేవారు, ఒకరికొకరు చాడీలు చెప్పుకునేవారు. శ్రీశైలం చూసొచ్చిన సినిమాను పాత్రకో భంగిమ పెట్టి, మధ్యలో హీరోను వెక్కిరిస్తూ పూర్తిగా చెప్పేవాడు. నాయన చనిపోయిన రోజు ఆ సంగతి అతనికి చెప్పింది రజితే. నాయన ఎక్కడికి పోయాడు, మళ్లీ ఎందుకు రాడు అని అతను రోజుల తరబడి అడుగుతుంటే, తనకూ తెలియని ఆ జవాబు చెప్పడానికి ప్రయత్నించింది కూడా ఆ చేతులతోనే.

బాలమణికి ఆ భాష రాదు. తిను, రా, చాలు, తంతా. ఇంతే ఆమెకు వచ్చినవి. కూతురు ఉండగా మిగతావాటితో ఆమెకు పని పడలేదు.

కోరల్ నేర్చుకోవాలనుకున్నది కూడా అన్న కోసమే. అపార్టుమెంటు కమిటీవాళ్లు షెడ్డు తీసేయమంటున్నారు. బట్టలు తీసుకెళ్లి యంత్రంతో ఇస్త్రీ చేసి తెచ్చే కంపెనీ ఒకటి వచ్చింది వాళ్లకు. పైగా శ్రీశైలానికి బొగ్గు పొగ పడక దగ్గు పట్టుకుంది. రజిత డిగ్రీ అయ్యాక జావా నేర్చుకుంది, పైథాన్ నేర్చుకుంది, ఇంటర్వ్యూకు వెళ్లిన ప్రతిచోటా తల దించుకుని తిరిగొచ్చింది. వచ్చిన ప్రతిసారీ శ్రీశైలం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆ ఇంటర్వ్యూ చేసినవాడి మొహం ఎలా ఉందో చెప్పమనేవాడు. ఈమె చెబితే దాన్ని నటించి చూపించేవాడు. ఆ అవమానం అక్కడితో సగం దిగిపోయేది.

అంకురానికి వెళ్లే ముందు ఆమె అన్నకు చెప్పింది. నౌకరి వస్తే రెండు గదుల ఇల్లు తీసుకుందాం, బొగ్గులు బంద్, నువ్వు కరెంటు ఇస్త్రీ షాపు పెట్టుకో, నేను ఆఫీసు నుంచి రాంగనే లెక్క చూస్త అని. అతను కాసేపు ఆలోచించి, ఆఫీసుల నీతోని గిట్ల మాట్లాడెటోళ్లు ఎవరుంటరు అని అడిగాడు. ఎవ్వరుండరు, అన్నీ దాసుకోని వచ్చి నీకే చెప్త అంది రజిత.

*

కోరల్ వాన పడ్డట్టు వచ్చింది. టోపీ పెట్టి కోరల్ నాటిన మొదటి సిట్టింగులకు తలనొప్పి తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఉంటే, కుళాయి కట్టేయడం, చెంబు నిండడం, నీళ్లు పొర్లడం, ఇదంతా ఎవరో రాసిన వాక్యంలా కనిపించింది. అందులో తప్పు ఎక్కడుందో కూడా కనిపించింది. రజిత నురగ నోటితోనే పకపకా నవ్వింది.

కొన్ని వారాలకు అంకురంలో పరీక్ష పెట్టారు. గోడంత తెర మీద కోరల్ వరదలా పారుతోంది. ఒక కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రజిత టీ తాగుతూ చూస్తోంది. కప్పు కింద పెట్టకుండానే, "ఆపుండ్రి," అంది. "గక్కడ. పైన ఇస్తనన్నది కింద ఇస్తలేదు. మాట తప్పింది."

వాళ్ల ఇంజనీర్లు నెల రోజులుగా వెతుకుతున్న తప్పు అది. ఆ పెద్దమనుషుల్లో ఒకాయన ఇంగ్లిష్‌లో ఏదో అన్నాడు. ఫణీంద్ర సంబరం పట్టలేక, "ఉద్యోగం ఖాయమండీ! చివరి రెండు సిట్టింగులు అయిపోతే కోరల్ గట్టిపడుతుంది. ఆ మర్నాడే చేరిపోవచ్చు," అన్నాడు.

ఆ సాయంత్రం రజిత షెడ్డుకు పరిగెత్తుకుంటూ వచ్చింది. అన్న ముందు నిలబడి చేతులెత్తింది. నౌకరి అనే సైగ వచ్చింది. వచ్చింది అనేదీ వచ్చింది. మిగతాదంతా, ఆ గోడా, ఆ పెద్దమనుషుల మొహాలూ, తను టీ తాగుతూ పట్టేసిన సంగతీ, గొంతు దాకా వచ్చినట్టే వచ్చి వేళ్లలోకి దిగలేదు. అలసిపోయినట్టున్నాను అనుకుంది. శ్రీశైలం అదేం పట్టించుకోకుండా ఆమెను ఎత్తి తిప్పాడు.

నిజానికి తేడాలు అప్పటికే మొదలయ్యాయి. టీచరమ్మ చీరలు లాయరుగారింటికి వెళ్లాయి. గంజి వద్దన్న చొక్కాకు గంజి పడింది. శ్రీశైలం మొదట్లో నవ్వి, చెల్లెలి నెత్తిన మొట్టి, నీ మతి నౌకరి మీద ఉన్నది అన్నాడు. రజితకు ఆ మాటలో నౌకరి ఒక్కటే తెలిసింది. మళ్లీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక అన్నను ఆ మాట అడిగే అవసరం ఎప్పుడూ పడలేదామెకు. అందుకని నవ్వుతూ తలూపింది.

ఆ రోజు నుంచీ తలూపడం అలవాటైంది. అతను చేతులతో ఏదో చెబుతాడు. అతని వేళ్లు మడుచుకుని విచ్చుకుంటుంటే ఆమెకు కోరల్ గుర్తులు తెరుచుకుని మూసుకుంటున్నట్టు కనిపిస్తాయి, వాటిలో అర్థం మాత్రం ఉండదు. అతని మొహం చూసి, నవ్వే చోట నవ్వుతుంది, అయ్యో అనే చోట అయ్యో అన్నట్టు చూస్తుంది. ఇంగ్లిష్ రాని కాలంలో ఇంటర్వ్యూల్లో చేసిన పనే ఇది. రెండు సిట్టింగులు అయితే అలసట తగ్గుతుంది, అప్పుడు అన్నీ అడిగి తెలుసుకుంటానని తనకు తనే సర్దిచెప్పుకుంది.

శ్రీశైలం తెలివితక్కువవాడేం కాదు. వినపడనివాడు ఎదుటి మొహాన్ని మనలాగా పైపైన చూడడు. చెల్లెలి నవ్వు ఒక అర క్షణం ఆలస్యంగా వస్తోందని అతను కనిపెట్టాడు.

ఒక మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మొహంలో ఏ భావమూ లేకుండా, తాపీగా, చక్కని సైగలతో ఇలా చెప్పాడు. లాయరుగారిని నేను గంజిలో ఉడకబెట్టిన. అమ్మ ఇస్త్రీపెట్టె మింగి ఆకాశంల ఎగురుతున్నది. నీకు తోక మొలిచింది, మంచిగున్నది, అవునా?

రజిత అతని కళ్లలోకి చూసింది. ఏదో ముఖ్యమైన సంగతే అడుగుతున్నాడని అర్థమైంది. ప్రేమగా నవ్వి, అవునని తలూపింది.

శ్రీశైలం చేతులు రెండూ లుంగీకి తుడుచుకుని, లేచి వెళ్లి ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

*

"ఏమైందే మీ ఇద్దరికి?" అంది బాలమణి. "వాడు చేతులు ఆడిస్తనే లేడు. అన్నం దిన్నవా అంటె అటు తిరుగుతుండు. కొట్లాడిండ్రా?"

"లేదమ్మా. గట్లనేం లేదు."

"మరి అడుగు పోయి. నాకేం సమజైతది వానితోని?"

రజిత వెళ్లి అన్న భుజం మీద తట్టింది. అతను తిరిగాడు. కోపమొచ్చిందా నా మీద, అని అడగాలి. చిన్నప్పటి నుంచీ కొన్ని వందలసార్లు అడిగిన మాట. ఆమె చేతులు ఛాతీ దాకా లేచి అక్కడ ఆగిపోయాయి. ఎటు కదపాలో తెలియలేదు. లోపల వెతుక్కుంది. కోరల్‌లో తప్పు జరిగితే వెనక్కి మళ్లించే వాక్యం వచ్చింది. అదొక్కటే మళ్లీ మళ్లీ వచ్చింది.

"ఏందే, చేతులు గట్ల లేపి నిలబడ్డవ్?" అంది బాలమణి వెనకనుంచి.

రజితకు అలసట కాదని అప్పుడు తెలిసింది. ఆ నిలబడ్డది నిలబడ్డట్టే బస్సెక్కి అంకురానికి పోయింది.

హైమవతి మొదట అంతగా పట్టించుకోలేదు. "సైగలా? అవి ఎన్ని ఉంటాయమ్మా, పదో ఇరవయ్యో?"

"ఎన్నంటే ఏం చెప్పాలె మేడం. అన్నీ అండ్లనే మాట్లాడుకుంటుంటిమి. నిన్న ఏమైంది, రేపేం చెయ్యాలె, ఎవలు మంచోళ్లు, దేవుడున్నడా లేడా, అన్నీ. ఒకల మీద ఒకలం జోకులేసుకుంటుంటిమి."

"ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరు నేర్పలె. మేమే జేసుకున్నం. చిన్నప్పుడు."

హైమవతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటి రోజు బొమ్మను తెర మీదికి తెప్పించింది. మూడు కంచెలు, వాటి బయట విశాలమైన మెత్తటి నేల. నిన్నగాక మొన్న దున్నినట్టుందని తనే అన్నది. అది మెత్తగా ఉన్నది ఖాళీగా ఉన్నందుకు కాదు, ఆ పొద్దున కూడా వాడుకలో ఉన్నందుకు. ప్రపంచంలో ఇద్దరే మాట్లాడే భాష. దాన్ని చేతులు కట్టేసి కొలిచారు.

"ఇది నేను చూడాల్సింది," అంది హైమవతి. "నువ్వు చెప్పకపోయినా నేను అడగాల్సింది. క్షమించమని అడిగే అర్హత కూడా లేదు నాకు."

ఫణీంద్ర తల ఎత్తలేదు. ఆ రోజు అద్దంలోంచి చూసినవాడు అతనే.

"ఎనక్కి తెస్తరా మేడం?"

"తేలేనమ్మా. పోయింది పోయింది. ముందు నేర్చుకున్నవి లోతుగా ఉంటాయి, అవి ఆఖర్న పోతాయి. ఇప్పుడు ఆపేస్తే ఒక రెండేళ్ల పిల్లకు ఉండేన్ని మాటలు మిగులుతాయి. మిగతా రెండు సిట్టింగులూ చేస్తే అవీ ఉండవు."

"ఆపేస్తే కోరల్?"

"గట్టిపడకుండా వదిలేస్తే అదీ నిలవదు. నెల తిరిగేసరికి జారిపోతుంది. రెండూ పోతాయి నీకు."

"మల్ల నేర్చుకోవచ్చా? అన్న భాష."

"ఎవరైనా నేర్పితే నేర్చుకోవచ్చు, పెద్దవాళ్లు నేర్చుకున్నట్టు, కష్టపడి, ఏళ్ల తరబడి. నేర్పగలిగింది మీ అన్నయ్య ఒక్కడే." హైమవతి కాస్త ఆశగా ముందుకు వంగింది. "ఆయన్ని ఇక్కడికి తీసుకురా. జరిగిందంతా ఆయనకు వివరంగా చెబుదాం. మా తప్పేనని నేనే చెబుతాను."

"ఏ భాషల చెప్తరు మేడం?" అంది రజిత.

శ్రీశైలానికి చదవడం రాదు. బయటివాళ్ల సైగలు రావు. అతనికి ఏ సంగతైనా చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉండేది. ఆ ఒక్కతె ఏమైందో చెప్పడానికి ఇప్పుడు ఆ ఒక్కతే కావాలి.

*

"ఇడ్సిపెడ్తవా?" బాలమణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నౌకరి చేతికొచ్చినంక ఇడ్సిపెడ్తవా? షెడ్డు పీకుతమని మల్ల ఒచ్చి పోయిండ్రు పొద్దుగాల. వాని కోసమే గదనే ఇదంత జేసినవ్!"

"రెండు సార్లు పోయొస్తె ఇగ నాకు అన్న భాష ఒక్క ముక్క మిగలదమ్మా."

"మిగలకుంటె ఏమాయె? నౌకరి జెయ్యి, వాణ్ని సాదు. మాట్లాడకున్నా బతుకుతడు వాడు. నేను ఇన్నేండ్ల సంది వానితోని ఏం మాట్లాడిన? బతుకలేదా?"

"నువ్వు మాట్లాడకుంటె నేను మాట్లాడిన గదమ్మా," అంది రజిత.

బాలమణి కొంగు మొహానికి కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఇన్నేళ్లలో కొడుకు తనకు ఒక్క కథైనా చెప్పలేదని, తను ఒక్కటైనా అడగలేదని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. ఆమె ఏడుస్తున్న తీరు ఉద్యోగం పోయినందుకు ఏడ్చినట్టు లేదు.

రజిత సిట్టింగులకు పోలేదు. ఫణీంద్ర ఫోన్లు చేశాడు, కంపెనీవాళ్లు చేశారు, తర్వాత మానేశారు. కోరల్ డాక్టరమ్మ చెప్పినట్టే జారడం మొదలుపెట్టింది. కుళాయి నీళ్లలో వాక్యాలు కనిపించడం మానేశాయి. తలలో ఒక గది తలుపులు తీసి ఉంచి అందరూ వెళ్లిపోయినట్టుండేది ఆమెకు.

మిగిలిన మాటలు ఏమిటో ఒక్కొక్కటే పోగు చేసుకుంది. అన్న. నేను. అన్నం. నీళ్లు. నొప్పి. ఎత్తుకో. చూపించు. ఇంకా అలాంటివే కొన్ని. పాకే వయసులో బట్టల మూటల మధ్య నేర్చుకున్నవి. తన భాష మళ్లీ నేర్పమని అన్నను అడగడానికి వాటితో ఏం చెప్పగలదో అదంతా లోపల కూర్చుకుని, ఒక సాయంత్రం రద్దీ తగ్గాక షెడ్డులోకి వెళ్లి ఇస్త్రీ బల్లకు ఇవతల, శ్రీశైలం ఎదురుగా నిలబడింది.

అన్న, అంది చేతులతో. నేను. నొప్పి. చూపించు. అన్న, చూపించు.

శ్రీశైలం ఇస్త్రీపెట్టెను నిలబెట్టి ఆమె చేతులను చూశాడు. సైగలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పసిపిల్ల చేసినట్టు ఉన్నాయి. చదువుకుని, ఆఫీసువాళ్ల మెప్పు పొంది, తన కంటే పెద్దదైన చెల్లెలు ఇప్పుడు వచ్చి తన ముందు పిల్లచేష్టలు ఎందుకు చేస్తోందో అతనికి ఎలా తెలుస్తుంది? వెక్కిరిస్తోందనుకున్నాడో, జాలిపడుతోందనుకున్నాడో. తోక మొలిచిందంటే తలూపిన మొహమే ఇది.

బట్టలిచ్చేవాళ్లతో శ్రీశైలానికి వేరే చేతులు ఉన్నాయి. పెద్దపెద్దగా, నెమ్మదిగా, ఎవరికైనా తెలిసేటట్టు చేసే సైగలు. ఎన్ని? ఎప్పుడు? గంజి కావాలా? అతను ఆ చేతులు ఎత్తాడు. ఏం కావాలి, అని అడిగాడు ఆమెను, ఆమెకు తెలియాలని రెండుసార్లు.

రజిత మళ్లీ అదే చెప్పింది. అన్న. చూపించు. కన్నీళ్లు చేతుల మీద పడుతున్నాయి. చెప్పడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. ఏడుస్తూ చేతులు అతనివైపు చాపింది.

శ్రీశైలం ఆ చేతులనూ, వాటి మీద నలిగి వేలాడుతున్న చున్నీనీ చూశాడు. అర్థమైనట్టు తలూపాడు. చున్నీని మెల్లగా లాగి తీసుకుని బల్ల మీద పరిచాడు. నీళ్లు చిలకరించాడు. అంచులు లాగి సరిచేసి, ఎక్కడా ముడత లేకుండా, ఎంతో శ్రద్ధగా ఇస్త్రీ చేశాడు. అందులో కోపం లేదు. కోపమున్నా ఆమెకు బాగుండేది.

నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. అందరికీ పెట్టినట్టే తల కాస్త వంచి నమస్కారం పెట్టి, ఆమె వెనక నిలబడ్డ తర్వాతి మనిషి బట్టల కోసం చెయ్యి చాపాడు.